అరకు యాత్రావ్యాసాలు: ఒక ఆత్మవిమర్శ

ఇవాళ మన పత్రికల్లో యాత్రావ్యాసానికున్న గిరాకీ కథానికకు లేదు. అందులోనూ కార్తీకం దాటిందంటే అరకులోయ మీద వ్యాసాలు మంచుతోపాటే దిగుతాయి. విశాఖపట్నంలో తెల్లవారుజామున రైలెక్కడంతో వ్యాసం మొదలవుతుంది. సొరంగం వచ్చినప్పుడల్లా పెట్టెలోని వాళ్ళంతా కేకలు వేస్తారు. తరవాత బొర్రా గుహలు, లోయ, పసుపుపచ్చని పూలు, ధింసా, వెదురుబొంగులో వండిన కోడికూర, ఒక కప్పు కాఫీ. చివరకు, ఆ కల్లాకపటం తెలియని మనుషులను విడిచి రాలేక విడిచి వచ్చినట్టు రచయిత చెప్పుకుంటాడు. ఇన్నేళ్ళలో ఇటువంటివి నలభైకి తక్కువ కాకుండా చదివివుంటాను. వాటి మీద నాకున్న ఆక్షేపణ చెప్పబోయే ముందు, ఆ నలభైలో ఒకటి నేను రాసిందేనని ఒప్పుకోవడం న్యాయం.

2001లో కాలేజీ విద్యార్థులను వెంటబెట్టుకుని ఒకరోజు విహారయాత్రకు వెళ్ళివచ్చి రాసిన వ్యాసమది. అచ్చయినప్పుడు మిత్రులు మెచ్చుకున్నారు. శైలి బాగుందన్నారు. నేను కూడా బాగుందనే అనుకున్నాను. గడచిన మార్గశిరంలో అనంతగిరి మండలంలో, రోడ్డు వదిలి గంటన్నర నడిస్తే వచ్చే ఒక కొండ ఊళ్ళో వారం రోజులు వుండివచ్చాను. ఊరి పేరు రాయను, రాస్తే వచ్చే శీతకాలానికి అక్కడ విడిది వెలుస్తుంది. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న యువకుడు ఇప్పుడు ఆ ఊరి బళ్ళో ఉపాధ్యాయుడు. ఆ ఊరివాడే, కొండదొర కుటుంబం. అతని ఇంట్లోనే నా బస. రెండో రాత్రి కుంపటి దగ్గర కూచున్నప్పుడు అతను పెట్టె తీసి ఒక పాత కాగితం బయటపెట్టాడు. నా వ్యాసం! కాలేజీ గ్రంథాలయంలో దొరికితే నకలు తీయించి దాచుకున్నాడట. "చదవమంటారా, మాస్టారూ?" అన్నాడు. వద్దని ఎట్లా అంటాను?

తల్లీ తండ్రీ, పక్కింటివాళ్ళు ఇద్దరు ముగ్గురు విన్నారు. మాట మింగుడుపడని చోట అతను ఆగి, ఇంట్లో మాట్లాడుకునే భాషలో చెప్పాడు. లోయ అంతటా ప్రకృతి తనంతట తానే పసుపు దుప్పటి పరచుకున్నదని, ఏ చెయ్యీ విత్తని ఆ పూలు ఏ రాజూ కట్టని తోట అని, ఇంకా ఏదేదో నేను రాసిన చోట అతని తల్లి చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎవులూ జల్లకుండా వలిసెలెలా మొలుస్తాయి, బాబూ?"

ఆ ప్రశ్నలో వెటకారం లేదు. పట్నంలో అటువంటి విత్తనం ఏమైనా కనిపెట్టారేమో తెలుసుకుందామనే అడిగింది. "నానే జల్లినాను. అంతకుముందు మాయమ్మ జల్లింది," అన్నది.

వలిసెలనూ వెర్రినువ్వులనూ ఒకటే అంటారు. నూనెగింజ పంట. వరి నిలవని ఏటవాలు చెక్కల్లో, వానలు వెనకపట్టే రోజుల్లో దున్ని చల్లుతారు. పూసి, కాసి, ఆకు ఎండబారగానే కోసి, కుప్పవేసి, కర్రలతో కొట్టి తూర్పారపడతారు. కొంత ఇంటికి నూనె, మిగిలింది సంతకు. పశువులు ఈ మొక్కను ముట్టవు గనుక కంచె అక్కరలేని పంటగా దానికి పేరు. ఇప్పుడు రోడ్డు పక్క చేలకు కంచె వేస్తున్నారు. అది మనకోసం. ఫొటోలకని చేలోకి దిగి తొక్కేది మనమే. కొందరు రైతులు దిగినవాళ్ళ దగ్గర తలకింతని డబ్బు తీసుకుంటున్నారు. దీనిని గురించి ఈమధ్య వచ్చిన ఒక వ్యాసంలో రచయిత ఎంతో బాధపడ్డాడు, గిరిజనులు కూడా డబ్బు రుచి మరిగారని. చేను తొక్కినందుకు కోస్తాలో ఏ రైతయినా డబ్బుతో సరిపెట్టుకుంటాడా?

నా వాక్యంలోని తప్పు వృక్షశాస్త్రానికి సంబంధించింది మాత్రమే ఐతే సవరణ ప్రకటించి ఊరుకునేవాణ్ణి. ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచిస్తే తోచిందేమిటంటే, అటువంటి వాక్యాన్ని నేను సొంతంగా రాయలేదు. అది తయారుగా వున్న వాక్యం. భావకవిత్వం వెలిసిపోయినా దాని సామగ్రి ఎక్కడికీ పోలేదు. కొండ, సెలయేరు, పేరులేని పువ్వు, పేరులేని పడుచు అన్నీ యాత్రావ్యాసపు కొట్లో చవకగా అమ్ముడుపోతున్నాయి. ఈ సామగ్రి అంతటికీ ఒకే లక్షణం: ఒక చోటు నుంచి శ్రమను తీసేస్తే మిగిలే దానికి "ప్రకృతి" అని పేరు పెట్టడం. శ్రమ లేని చోట సొంతదారు కూడా వుండడు. అందమంతా చూసేవాడిదే.

ఇది అలంకారశాస్త్రంలో తేలే విషయం కాదు. ఎవరూ విత్తలేదు అన్న వాక్యం కవి నోట వచ్చినప్పుడు వర్ణన, అధికారి నోట వచ్చినప్పుడు శాసనం. 1882 మద్రాసు అటవీచట్టం సారాంశమేమిటి? పోడు కొట్టుకునే కొండవాలు సర్కారు అడవి అనీ, అక్కడ గొడ్డలి వేసినవాడు నేరస్థుడనీ. ఆ చట్టం తెచ్చిన దుర్భరత్వమూ, గూడెం కొండల్లో రోడ్డు పనికి వెట్టిచాకిరీ చేయించిన తహసీలుదారు జులుమూ కలిస్తేనే 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం పడడం సాధ్యమైంది. నేను 2001లో రాసిన వాక్యానికీ అటవీ అధికారి రిజిస్టరుకూ వ్యాకరణం ఒక్కటే. ఆయన జీతం తీసుకుని రాశాడు, నేను ఉచితంగా రాశాను.

ఇక రైలు సంగతి. కొత్తవలస-కిరండూల్ మార్గంలో 58 సొరంగాలున్నాయని ప్రతి వ్యాసమూ లెక్క చెబుతుంది. ఆ లెక్కే కాని, సొరంగాలు ఎందుకు తవ్వారో చెప్పిన వ్యాసం నాకు కనబడలేదు. బైలదిల్లా ఇనుపరాయి విశాఖ రేవుకు చేర్చి జపానుకు ఎగుమతి చేయడానికి 1960లలో జపాను సహాయంతో వేసిన దారి అది. లోయలోని జనం ఎక్కి తిరగడానికి వేసింది కాదు. 2017 నుంచి దాని మీద అద్దాల కప్పు పెట్టె కూడా నడుస్తున్నది. అద్దంలోంచి ఆకాశం కనిపిస్తుంది, లోయ కనిపిస్తుంది. ఎదురుగా రాయి నింపుకుని దిగే గూడ్సుబండి కోసం మన బండి పక్కన ఆగి వున్నప్పుడు ప్రయాణికులు విసుక్కుంటారు. నిజానికి ఆ దారి మీద అతిథులం మనమే.

బొర్రా గుహల దగ్గరా ఇదే తంతు. గుహ లోపల ఏ రాయి ఏ దేవుడి ఆకారంలో వున్నదో వర్ణించడంలో మనవాళ్ళ ఊహాశక్తి ఎంత దూరమైనా పోతుంది. గుహ పైకి వచ్చి చుట్టూ వున్న ఊళ్ళ పేర్లు అడిగే ఓపిక మాత్రం వుండదు. ఆ బొర్రా పంచాయతీ భూముల్లో ప్రైవేటు కంపెనీలకు గని లీజులు ఇవ్వడం మీదనే సమత అనే స్వచ్ఛందసంస్థ కోర్టుకెక్కింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు భూమి బదలాయించరాదన్న 1959 నిబంధన, దానిని బిగించిన 1970 సవరణ (ఏజెన్సీలో ఎవరినడిగినా "వన్ ఆఫ్ సెవెంటీ" అంటారు) ప్రభుత్వానికి కూడా వర్తిస్తాయనీ, ఆ లీజులు చెల్లవనీ 1997 జులైలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తుల్లో ఇద్దరి తీర్పు అది. ఒడిశా, జార్ఖండ్ కొండల్లో గనుల మీద పోరాడేవాళ్ళకు కూడా ఆధారమైంది. తరవాత ఇదే కొండల్లో బాక్సైటు తవ్వకాలు ఇన్నేళ్ళు ఆగివుండడానికి జనం ఆందోళనతో పాటు ఆ తీర్పు కూడా కారణం. మన దేశపు భూమి చరిత్రలో ఇంతటి మలుపు తిరిగిన చోట నిలబడి, మనం రాతిలో ఆవు పొదుగును వెతుకుతున్నాం.

ఈ చట్టం కాగితం మీద ఎంత గట్టిదో నేల మీద అంత గట్టిది కాదు. రోడ్డు వెంట వెలుస్తున్న విడిదులు ఎవరి పేర వున్నాయో, ఎవరి డబ్బుతో లేచాయో ఊళ్ళో చిన్నపిల్లాడికి కూడా తెలుసు. నేనున్న వారంలో ఊళ్ళో ధింసా ఆడలేదు. పంట చేతికొచ్చే కాలం, కాఫీ పళ్ళు కోసే కాలం, ఎవరికీ నడుము వంగదు. విడిదుల దగ్గర మాత్రం రాత్రి రాత్రికీ ధింసా వున్నది. పగలంతా పళ్ళు కోసిన ఆడవాళ్ళే సాయంత్రం చీర మార్చుకుని దిగివెళ్ళేవారు. అది వాళ్ళకు రెండో కూలి. దాన్ని చూసి వచ్చి సంస్కృతి పరిరక్షణ అని రాసేవాళ్ళున్నారు, సంస్కృతి పతనం అని రాసేవాళ్ళూ వున్నారు. కూలి అని రాసినవాళ్ళు లేరు.

కాఫీని గురించి కూడా చెప్పాలి. అది ఇప్పుడు లోయకు బిరుదైపోయింది. 1960లలో అటవీశాఖ తోటలతో మొదలై, పోడుకు మారుగా గిరిజన కుటుంబాల చెక్కల్లోకి వచ్చిన పంట. 2017లో పారిస్‌లో అరకు పేరుతోనే కొట్టు తెరిచారు. 2019లో అరబికా రకానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఈ పంటవల్ల కొండల్లోకి డబ్బు వచ్చిందన్నది నిజం, కాదనడం మొండితనం. నేనుండిన ఇంట్లో పిల్లవాడి చదువు కాఫీ మీదా మిరియం మీదా సాగింది. కాని పండు కోతలో ఒక మెలిక వున్నది. ఒకే రెమ్మ మీద ఎర్రనివీ పచ్చివీ కలిసి వుంటాయి. మంచి ధర కావాలంటే ఎర్రనివే ఏరి కోయాలి, అదే చెట్టు దగ్గరకు మూడు నాలుగుసార్లు రావాలి. ఆ ఎక్కువ నడకంతా ఆడవాళ్ళ కాళ్ళది. నేను ఒక పూట వాళ్ళతో వెళ్ళి, బుట్ట అడుగు కనబడకుండా నింపేసరికి నడుము పట్టేసి కూలబడ్డాను. కాఫీ రుచిని వర్ణించేవాళ్ళు పండుతోటల వాసన, తేనె వాసన అంటూ రాస్తారు. ఆ వాసనలు నాకు తెలియలేదు. బాగానే వుంది.

ఇంతవరకూ రాసింది చదివి మన పాఠకులు సంతోషిస్తూ వుంటారు. యాత్రావ్యాసాలవాళ్ళను బాగా కొట్టానని. మన సంగతి చెప్పుకోవద్దా?

మూడో రోజున ఆ ఇంటి చూరులో దూర్చిపెట్టిన పొడుగాటి వెదురుబొంగును చూశాను. నునుపు తేలివుంది, మధ్యన భుజం ఆనిన మచ్చ. చూడగానే నా నోటుపుస్తకంలో డోలీని గురించి రెండు పేజీలు ధారగా వచ్చేశాయి. రోడ్డు లేని ఊరు, నెలలు నిండిన తల్లి, ఇద్దరు మోసే బొంగు, గెడ్డ దాటుతుండగా పురుడు. అభ్యుదయ రచన అంటే ఇదీ అనిపించింది. సాయంత్రం మా ఉపాధ్యాయుడికి వినిపించాను. అతను బొంగు వైపు చూసి, అది పసుపు బస్తాలు సంతకు దింపే కావడిబద్ద అన్నాడు. డోలీ అప్పటికప్పుడు మంచమో దుప్పటో కట్టి చేస్తారట. "పోయిన వానాకాలంలో మా పిన్నిని మోసుకెళ్ళిన మాట నిజమే, మాస్టారూ. కాని దీని మీద కాదు," అన్నాడు. పిన్నిని ఎవరెవరు మోశారో, ఎక్కడ అంబులెన్సు ఆగివుందో, ఎంతసేపు పట్టిందో అప్పుడు చెప్పాడు. నేనడగలేదు గనుక అంతవరకూ చెప్పలేదు. నా రెండు పేజీల్లో ఆ వివరాలు ఒక్కటీ లేవు. పొరుగు నియోజకవర్గపు ఎన్నికల కరపత్రంలో కూడా సరిపోయే రెండు పేజీలవి.

ఈ చిక్కు మన కొండలకే వచ్చింది కాదు. 1933లో స్పెయిన్ దర్శకుడు లూయీ బున్యుయెల్ తన దేశపు పడమటి కొండల్లోని హుర్దెస్ గ్రామాల మీద ఒక చిన్న చిత్రం తీశాడు. లాటరీ గెలిచిన ఒక అరాచకవాద మిత్రుడు దానికి డబ్బిచ్చాడు. ఆ ఊళ్ళ దారిద్ర్యం ఎంత ఘోరమంటే గణతంత్ర ప్రభుత్వమే చిత్రాన్ని నిషేధించింది. అందులో ఒక మేక కొండ మీంచి కాలుజారి పడి చస్తుంది. జాగ్రత్తగా చూస్తే తెర అంచున తుపాకి పొగ కనిపిస్తుంది. కావలసినప్పుడు మేక జారలేదు గనుక కాల్చి పడేశారన్నమాట. అక్కడి ఆకలి అబద్ధం కాదు, మేక చావు అబద్ధం. బున్యుయెల్ కావాలనే ప్రేక్షకుణ్ణి ఇరుకున పెట్టాడని అతని పక్షాన వాదించేవాళ్ళున్నారు. ఆ వాదంలో బలం లేకపోలేదు. ఐనా ఆ ఊళ్ళవాళ్ళు తరవాత ఎన్నో ఏళ్ళపాటు ఆ చిత్రం పేరెత్తితే మండిపడేవారంటే వాళ్ళను తప్పుపట్టలేము. నా కావడిబద్ద నేను పేల్చిన తుపాకి.

అదే దేశంలో దక్షిణాన అల్పుహార్రా కొండల్లో ఎహెన్ అనే ఊరికి 1920లో ఒక ఇంగ్లీషువాడు చేరాడు. జెరాల్డ్ బ్రెనన్, మొదటి ప్రపంచయుద్ధంలో అధికారిగా పనిచేసినవాడు. రెండు వేల పుస్తకాలు వెంట తెచ్చుకున్నాడు, మధ్యమధ్య వెళ్ళివస్తూ ఏళ్ళ తరబడి అక్కడున్నాడు. ఆ ఊరిని గురించిన పుస్తకం 1957లో గాని వెలువరించలేదు. అతను మన పక్షం మనిషి కాడు. చవకగా బతకవచ్చునని ఆ ఊరు ఎంచుకున్నవాడు, పనిమనుషుల మీద బతికినవాడు. ఐనా ఊరికి నీళ్ళు ఏ కాలవన ఎట్లా పంచుకుంటారో, పెళ్ళిళ్ళు ఎట్లా కుదురుతాయో అతని పుస్తకం చెప్పినంతగా, కోపంతో రగిలిపోయే చిత్రం చెప్పదు. దీనినుంచి కోపం అనవసరమని తేల్చేవాళ్ళు ఆ దారిన పోవచ్చును. నేను పోను. వివరం తెలిసినవాడి కోపానికే ఎదుటివాడు జవాబు చెప్పుకోవలసి వస్తుంది.

మన భాషలోనే దీనికి ఉదాహరణ వున్నది. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరిన ఏనుగుల వీరాస్వామయ్య సనాతనుడు, సుప్రీంకోర్టులో దుబాసీ. ఆయన "కాశీయాత్ర చరిత్ర"లో దారిపొడుగునా మజిలీలు, నీళ్ళు, పంటలు, సరుకుల ధరలు రాస్తూ పోయినాడు. దృక్పథంలో మనకు ఆయనతో సాపత్యమే లేదు. ఐనా ఆనాటి బతుకు తెలుసుకోవాలంటే ఆయన పుస్తకం పనికివస్తుంది. మన నలభై వ్యాసాలు రెండువందల ఏళ్ళ తరవాతివాళ్ళకు ఏ పనికి వస్తాయి?

మన అభ్యుదయ రచనల్లో కొండమనిషి రెండు భంగిమల్లోనే నిలబడతాడు. విల్లెత్తి నిలబడతాడు, లేకపోతే ఆకలితో పడివుంటాడు. మొదటి భంగిమకు కూడా మైదానం నుంచి వచ్చిన నాయకుడే కావాలి. రంప చరిత్ర ఎంత రాశాం, ఎన్ని చిత్రాలు తీశాం! గాం గంటందొర, గాం మల్లుదొర పేర్లు అందులో వెనక వరసలోనే వుంటాయి. శిక్షపడి అండమాను వెళ్ళివచ్చిన మల్లుదొరే 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకు ఎన్నికైనాడని మన విద్యార్థుల్లో ఎందరికి తెలుసు? విల్లు దించాక కూడా అతనికి కథ వుందన్నమాట. మనకు మాత్రం లేదు.

మా ఉపాధ్యాయుడు ఈ రెండు భంగిమల్లోనూ ఇమడడు. షెడ్యూల్డు ప్రాంతపు బళ్ళలో ఉపాధ్యాయ ఉద్యోగాలన్నీ స్థానిక గిరిజనులకే ఇవ్వాలన్న 2000 నాటి జీవో 3 వల్ల అతనికి ఉద్యోగం వచ్చింది. 2020 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. ఇతని తమ్ముడు శిక్షణ పూర్తిచేసి కూర్చున్నాడు. మన ఉపాధ్యాయసంఘాల మిత్రులు చాలామంది నూటికి నూరు రిజర్వేషను న్యాయమా అని సందేహించారు. నేనూ సందేహించినవాణ్ణే. వాళ్ళ బడిలో ఒక పూట కూచున్నాక ఆ సందేహం పాతబడింది. ఒకటో తరగతి పిల్లలు ఇంటి నుంచి ఆదివాసీ ఒడియా మాట్లాడుతూ వస్తారు. పుస్తకం తెలుగు. ఇతను ఒక మాట అటునుంచి, ఒక మాట ఇటునుంచి అందిస్తూ పాఠం నడిపిస్తుంటే పిల్లలు అడ్డం తగిలి ప్రశ్నలు వేస్తున్నారు. ఆ స్థానంలో నేనుంటే నిశ్శబ్దంగా, క్రమశిక్షణతో వుండేవారు. ఎనిమిది గిరిజన భాషల్లో వాచకాలు తయారుచేయించిన ప్రయత్నం ఈ రాష్ట్రంలో జరిగింది. చెప్పేవాడు ఆ భాష మనిషి కాకపోతే వాచకం బీరువాలో వుంటుంది.

వ్యావహారిక భాషకోసం పోరాడిన గిడుగు రామమూర్తిని మనం ఏటేటా తలుచుకుంటాము. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా వుంటూ ఆయన ముందుగా నేర్చుకున్నది సవర భాష. ఆ పిల్లలకు వాళ్ళ భాషలో చదువు చెప్పాలని సొంత ఖర్చుతో బడి పెట్టించాడు. సవర భాషా వ్యాకరణం 1931లో, నిఘంటువు 1938లో వెలువడ్డాయి. బతుకులో ముప్పై నలభై ఏళ్ళు ఆ పనికి పెట్టాడు. తెలుగువాడి నోటిమాటకు గౌరవం కావాలని అడగడానికి ముందు ఆయన కొండవాడి నోటిమాట విన్నాడు. వారసత్వంలో మనం మొదటి సగం వదిలేసి రెండో సగం తీసుకున్నాం. వారం రోజుల్లో నాకు ఆదివాసీ ఒడియాలో పట్టుబడినవి పదో పన్నెండో మాటలు, వాటిలో సగం తిండికి సంబంధించినవి.

బయలుదేరే నాడు పాత వ్యాసం నకలు తిరిగి ఇమ్మని అడిగాను, చింపెయ్యాలని. ఉపాధ్యాయుడు ఇవ్వలేదు. పై తరగతి పిల్లలకు తెలుగు పాఠంలో తప్పులు వెతికే అభ్యాసంగా దాన్ని వాడుతున్నాడట. ఇప్పటికి పదకొండు దొరికాయన్నాడు. వలిసెలు వాటిలో మూడోది. మిగిలినవి అతను చెప్పలేదు, నేను అడగడానికి సిగ్గుపడ్డాను.

అతని తల్లి అడ్డెడు వలిసెలు మూటకట్టి ఇచ్చింది. కానుక అనుకుని రెండు చేతులా అందుకున్నాను. ధర చెప్పింది. సంతలో విన్నదానికంటే పది రూపాయలు ఎక్కువ. అలవాటు చొప్పున బేరమాడబోయాను. ఆమె అడ్డపొగ చుట్ట నోట్లోంచి తీసి, "జల్లింది నానే కదా బాబూ," అన్నది. ఇచ్చాను.